ఇంటర్వెల్ కబుర్లు: తీగదా పైచెయ్యి, గాలిదా?

నిడదవోలు నుంచి ఈ వారం ఒకే కవరులో రెండు ఉత్తరాలొచ్చాయి. ఒకటి అన్నయ్యది, రెండోది చెల్లెమ్మది. ఒకే ఇల్లు, ఒకే కలం, ఒకరిమీద ఒకరు ఫిర్యాదు! పేర్లు వెయ్యొద్దన్నారు కనక వెయ్యడం లేదు. కొత్త బొమ్మల కబుర్లు ఒక్క వారం ఆగితే కొంపేం మునగదు గాని, ఈ తగువు తీర్చకపోతే ఆ ఇంట్లో రోజూ రాత్రి ఒక అన్యాయం జరుగుతూనే ఉంటుంది. అంచేత ముందు ఇది చూద్దాం.

సంగతేమిటంటే, వాళ్ళింట్లో పీఎస్4 ఒకటుంది. సెకండ్ హ్యాండుది. దానికి రెండు ప్యాడ్లు. తీగ ఉన్నది అన్నయ్య చేతిలో ఉంటుంది, ఇంటికి పెద్దవాడు కదా! తీగ లేనిది, పేరూ ఊరూ లేని కంపెనీది, చవగ్గా దొరికింది... అది చెల్లెమ్మకి. రాత్రి భోజనాలయ్యాక కుస్తీ ఆటకో, ఫుట్‌బాల్‌కో కూర్చుంటారు. ఓడినవాళ్ళు గిన్నెలు తోమాలి. నాలుగు నెలల నుంచి ఆ ఇంట్లో గిన్నెలు ఎవరు తోముతున్నారో మీరే ఊహించుకోండి.

నొక్కింది నొక్కినట్టు పడదనీ, ఒక్కోసారి ఆలస్యంగా పడుతుందనీ, ఒక్కోసారి బొత్తిగా పడదనీ చెల్లెమ్మ గోల. తప్పు ప్యాడుది కాదు, దానికి ఆట రాదు అని అన్నయ్య తీర్పు. ఇప్పుడు చెల్లెమ్మ వీధిలో పిల్లలకి ట్యూషన్ చెప్పి నాలుగు డబ్బులు కూడబెట్టింది. మంచి ప్యాడు కొనాలి. తీగదే కావాలని తను. తీగ పాతకాలంది, పైగా అమ్మ కాళ్ళకి చుట్టుకుంటోంది, మొన్న కాఫీ గ్లాసు కూడా ఒలికింది, కాబట్టి తీగలేనిదే కొనాలని ఆయనగారు. డబ్బు ఒకరిది, సలహా ఇంకొకరిది. చాలా ఇళ్ళల్లో ఇంతేలెండి.

తీగ లేకుండా దూరం నుంచి ఆడించడం మనకి కొత్తేమీ కాదు. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో ప్రియదర్శిని పెట్టె మూత తీస్తే శశిరేఖకి అభిమన్యుడు కనబడలా? దానికి కేబులెక్కడుంది? విఠలాచార్య గారి జానపదాల్లో మాంత్రికుడు ఇక్కడ చెయ్యి ఊపితే అక్కడ కొండ కదిలేది. నేల టికెట్టువాళ్ళు ఈలలు వేసేవాళ్ళే తప్ప, ఏ ఫ్రీక్వెన్సీ మీద కదిలిందని అడిగినవాడు లేడు.

నిజంగా ఆ పని చేసి చూపించిన మహానుభావుడు నికొలా టెస్లా. 1898లో న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నీళ్ళ తొట్టెలో చిన్న పడవ వదిలి, దూరంగా నిలబడి రేడియో తరంగాలతో నడిపాడు. ఆటల ప్రపంచానికి ఆ విద్య రావడానికి చాలా కాలం పట్టింది. అటారీ కంపెనీ 1983లో తీగలేని జాయ్‌స్టిక్కులు అమ్మింది. కింద బ్యాటరీ పట్టేంత లావుపాటి దిమ్మ, పైన ఏరియలు! పట్టుకుంటే ఆటగాడిలా కాదు, వాకీటాకీ పట్టుకున్న పోలీసు ఇన్‌స్పెక్టరులా ఉండేవాడు కుర్రాడు. తర్వాత కొందరు టీవీ రిమోట్‌లాగా ఇన్‌ఫ్రారెడ్ కాంతితో చేశారు. మధ్యలో ఎవరైనా నడిచారో, హీరో గాల్లోనే ఆగిపోయేవాడు. దారికొచ్చింది 2002లో, నింటెండో వాళ్ళ వేవ్‌బర్డ్‌తో. అది రేడియోది, రెండు పెన్సిల్ సెల్సు వేస్తే చాలు. కాని చేతిలో వణుకు పుట్టించే మోటారు తీసేశారు, బ్యాటరీ తినేస్తుందని. 2006లో పీఎస్3తో వచ్చిన తీగలేని ప్యాడుకీ వణుకు లేదు. మర్నాటి ఏడాది కొత్త ప్యాడు తెచ్చి వణుకు తిరిగి పెట్టాల్సి వచ్చింది. దెబ్బ తగిలితే చెయ్యి అదరకపోతే మనవాళ్ళకి ఫైటు ఫైటులా ఉండదు మరి!

మన దగ్గరి మాటకొస్తే, తొంభైల్లో గోదావరి జిల్లాల ఇళ్ళల్లో ఉన్నవన్నీ తీగవే. పసుపు క్యాసెట్టు గుచ్చి, మేరియో, కాంట్రా ఆడిన తరానికి తెలుసు ఆ తీగ పొడవెంతో. టీవీకి ముక్కు ఆనించి కూర్చోవాలి. హైదరాబాదులో ఔరోనా అనే కంపెనీ తయారుచేసిన 'హనుమాన్: బాయ్ వారియర్' 2009లో పీఎస్2 మీద వచ్చింది. ఆ పెట్టెతో ఇచ్చిన ప్యాడు కూడా తీగదే. 2011లో షారుఖ్ ఖాన్ 'రా.వన్'కి సినిమాతోబాటే పీఎస్2, పీఎస్3 రెంటి మీదా ఆట వదిలారు. అంటే ఒకే బొమ్మని ఒక ఇంట్లో తీగతో, పక్కింట్లో తీగ లేకుండా ఆడుకున్న రోజులన్నమాట.

ఇక చెల్లెమ్మ ప్యాడుకి ఏం రోగమో చూద్దాం. నిడదవోలు వాళ్ళకి ఇది చెప్పడం సులువు, ఎందుకంటే మీది జంక్షను. హౌరా, చెన్నై మెయిన్ లైను మీ ఊళ్ళోంచే పోతుంది, భీమవరం, నరసాపురం వైపు బండ్లు అక్కడే విడిపోతాయి. ప్యాసింజరు బండి టైముకే వచ్చినా, ఎక్స్‌ప్రెస్ వెళ్ళేదాకా ఔటర్‌లో ఆపేస్తారు చూడండి... ప్లాట్‌ఫారం కనబడుతూనే ఉంటుంది, దిగడానికి లేదు! తీగలేని ప్యాడు పంపే కబురు గతి కూడా సరిగ్గా అదే.

ఈ ప్యాడ్లు దాదాపు అన్నీ పనిచేసేది 2.4 గిగాహెర్ట్జ్ అనే లైను మీద. ఒకప్పుడు ఇంట్లో రేడియో వినాలన్నా పోస్టాఫీసులో లైసెన్సు కట్టేవాళ్ళు. 2005లో మన ప్రభుత్వం ఈ లైనుని తక్కువ శక్తి పరికరాలకి లైసెన్సు లేకుండా వదిలేసింది. గేటు దగ్గర టికెట్ చింపేవాడు లేకపోతే హాల్లో ఏమవుతుంది? అదే అయింది. వైఫై పెట్టె అందులోనే, ఫోను బ్లూటూతు అందులోనే, చెవిలో పెట్టుకునే బుల్లి స్పీకర్లు అందులోనే, కంప్యూటరు మౌసు అందులోనే. ఆఖరికి మైక్రోవేవ్ పొయ్యి కూడా ఆ దగ్గర్లోనే గోల చేస్తుంది. ఇంత రద్దీలోనూ బ్లూటూత్ తట్టుకుని బతుకుతోందంటే కారణం దాని గెంతులే. 79 దారులు పెట్టుకుని, సెకనుకి 1600 సార్లు ఒక దాన్నుంచి ఇంకోదానికి గెంతుతుంది. రద్దీగా ఉన్న దారిని గుర్తుపట్టి వదిలేసే తెలివి కూడా 2003 నుంచి దానికొచ్చింది. మంచి ప్యాడ్లు ఇవన్నీ సవ్యంగా చేస్తాయి. చవకరకం ప్యాడుకి గెంతే ఓపిక తక్కువ.

అన్నట్టు అన్నయ్య తన ఉత్తరంలోనే ఒక రహస్యం బయటపెట్టేశాడు, తెలియక. పీఎస్4ని ఇనప బీరువా వెనకాల పెట్టాడట, దుమ్ము పడకుండా. దాని నెత్తిమీద వైఫై పెట్టె! చెల్లెమ్మ కూర్చునేది బీరువాకి అటుపక్క మంచం మీద. తమ్ముడూ, ఇనుము రేడియో తరంగాలకి గోడలాంటిది. పైగా మనిషి ఒంట్లో ఉండే నీళ్ళు ఈ తరంగాల్ని పీల్చేస్తాయి. నువ్వు మధ్యలో కూర్చుంటే నువ్వూ ఒక గోడవే. ఆ పిల్ల నొక్కిన పంచ్ బీరువా చుట్టూ ప్రదక్షిణ చేసి, వైఫైకి దణ్ణం పెట్టి, నీ భుజం పక్కనుంచి వచ్చేసరికి నీ పంచ్ పడిపోతోంది. దీన్ని ఆట రాకపోవడం అనరు.

ఎంత ఆలస్యమైతే తెలుస్తుందని అడగొచ్చు. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు. డబ్బింగు బొమ్మలో మాట పెదవి కన్నా కాస్త వెనకబడినా, వెనక బెంచీ వాడు కూడా పట్టేస్తాడు. ఫైటింగ్ ఆటల్లో సెకనుకి 60 ఫ్రేములు. ఒక్కో ఫ్రేము సెకనులో అరవయ్యో వంతు. మంచి వైర్‌లెస్ ప్యాడు తినే ఆలస్యం మామూలుగా ఒక్క ఫ్రేము లోపే. మీరూ నేనూ పట్టుకోలేం. నాసిరకంది రెండు మూడు ఫ్రేములు మింగేస్తుంది, అదీ ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా. ఎప్పుడూ ఒకే ఆలస్యమైతే చెయ్యి అలవాటు పడిపోతుంది, తాళం కాస్త నిదానంగా వేసే మృదంగం వాడితో పాడినట్టు. తాళం ఒక్కోసారి ఒక్కోలా పడితే బాలమురళి గారైనా ఏం పాడతారు?

పద్యనాటకాలు చూసినవాళ్ళకి ఇంకో పోలిక. శ్రీకృష్ణుడు మైకు స్టాండు దగ్గరే నిలబడి రాయబారం నడిపితే అడుగు కదిలే వీల్లేదు గాని, పద్యం ఆఖరి అక్షరం దాకా వినపడుతుంది. చొక్కాకి కార్డ్‌లెస్ మైకు తగిలిస్తే రంగస్థలమంతా తిరగొచ్చు, కాని రాగం తారస్థాయికి వెళ్ళిన క్షణంలోనే బ్యాటరీ పోతుంది! పెద్ద పెద్ద పోటీల్లో అందుకే ఇప్పటికీ చాలా చోట్ల తీగ ప్యాడే తెమ్మంటారు. ఆలస్యం గురించి మాత్రమే కాదు. ఒకే గదిలో వందమంది జేబుల్లో తీగలేని ప్యాడ్లుంటే, ఎవడిదో పొరపాటున నొక్కుకుని స్టేజి మీద మ్యాచ్ ఆగిపోతుంది. ఇప్పుడివి గల్లీ ఆటలు కావు లెండి, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఈ ఆటలకీ పతకాలిచ్చారు.

అలాగని తీగని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అమ్మ మాట అబద్ధం కాదు. తీగ కాలికి తగిలితే పడేది కాఫీ గ్లాసొక్కటే కాదు, పెట్టె కూడా పడుతుంది. ఈ సంగతి మైక్రోసాఫ్ట్ వాళ్ళకి 2001లోనే తెలుసు. మొదటి ఎక్స్‌బాక్స్ ప్యాడు తీగకి మధ్యలో ఒక అతుకు పెట్టారు, ఎవరైనా తట్టుకుంటే అక్కడ ఊడిపోయేలా. ఎంత ముందుచూపు! ఆ తర్వాత తీగలేని రోజులొచ్చి ఆ అతుకు మాయమైంది. తీగ తరచూ మడతపడే చోట, ప్యాడు మెడ దగ్గర, లోపల తెగుతుంది. పైకి బాగానే ఉంటుంది. తీగని ఇలా వంచితే పనిచేస్తుంది, అలా వంచితే చెయ్యదు. అలాంటి ప్యాడుతో ఆడడం కన్నా గిన్నెలు తోముకోవడం నయం.

తీగలేనిదాని సుఖం కూడా చెప్పుకోవాలి. మంచం మీద కాళ్ళు చాపుకుని ఆడొచ్చు. పెద్ద టీవీకి దూరంగా కూర్చుంటే కళ్ళకీ హాయి. నలుగురు చుట్టాల పిల్లలొస్తే నాలుగు తీగలు జడలా అల్లుకోవు. అయితే తీగ లేదు కదాని చెయ్యి విసిరేస్తే ఏమవుతుందో 2006 డిసెంబరులో ప్రపంచం చూసింది. నింటెండో వీ రిమోట్ చేతికి కట్టుకునే తాడు తెగి, రిమోట్లు ఎగిరి టీవీలకి తగిలితే, కంపెనీవాళ్ళు 32 లక్షల తాళ్ళు మార్చిస్తామని ప్రకటించాల్సి వచ్చింది.

చార్జింగు సంగతి వేరే. పీఎస్4 ప్యాడులో 1000 ఎంఏహెచ్ బ్యాటరీ, పీఎస్5 దాన్లో 1560. ఎక్స్‌బాక్స్ వాళ్ళు ఇప్పటికీ పెన్సిల్ సెల్సే రెండు వేసుకోమంటున్నారు. పాత పద్ధతే గాని, సెల్సు పోతే కిరాణా కొట్లో దొరుకుతాయి, లోపల బ్యాటరీ ముసలిదైతే ప్యాడు విప్పాలి. మన ఎండల్లో కిటికీ పక్కన వదిలేస్తే లిథియం బ్యాటరీ తొందరగా ముసలిదైపోతుంది. ఉబ్బినట్టు కనిపిస్తే ఇక చార్జింగు పెట్టొద్దు. కాలవలో విసరొద్దు, అది డెల్టా అంతా తాగే నీరు. కరెంటు పోయినా తీగలేని ప్యాడు పనిచేస్తుంది కదా అని ఒక పాఠకుడు వాదించాడు ఆమధ్య. పనిచేస్తుంది బాబూ, టీవీ ఉండొద్దూ!

ఇప్పుడు తీర్పు. రూపాయి ఖర్చు పెట్టకముందే మూడు పనులు చెయ్యండి.

బీరువా వెనకనుంచి పెట్టె ముందుకి రావాలి. వైఫై పెట్టె దానికి కనీసం నాలుగైదు అడుగుల దూరం పోవాలి. మొదట్లో వచ్చిన పీఎస్4లకి వైఫై కూడా ఆ 2.4 లైను మీదే, అంచేత వీలైతే పెట్టెకి ఇంటర్నెట్ తీగ గుచ్చెయ్యండి. ఒక ఎక్స్‌ప్రెస్ లైను ఖాళీ చేస్తుంది.

తర్వాత టీవీ సెట్టింగుల్లో 'గేమ్ మోడ్' అని ఉంటుంది, అది వెయ్యండి. ఈ కథలో అసలు దొంగ చాలా ఇళ్ళల్లో టీవీయే! బొమ్మని నునుపు చేస్తాను, రంగులు అద్దుతాను అంటూ మేకప్ గదిలో కూర్చుని, ప్యాడు కన్నా ఎన్నో రెట్లు ఆలస్యం చేస్తుంది. ఆలస్యం ఇద్దరికీ సమానమే కాబట్టి గిన్నెల లెక్క దీంతో మారదు, కాని ఆట మారుతుంది.

మూడోది అన్నయ్యకి నచ్చదు. ప్యాడ్లు మార్చుకుని ఇరవై మ్యాచ్‌లు ఆడండి. ఒకటి తీగతో, ఒకటి లేకుండా, మార్చి మార్చి. ఎవరు గెలిచారని కాదు, ఏ ప్యాడు గెలిచిందని రాసుకోండి. ప్యాడు మారినా అన్నయ్యే గెలిస్తే చెల్లెమ్మ సాధన చెయ్యాలి. ప్యాడుతోబాటు గెలుపూ చేతులు మారితే... నాలుగు నెలల గిన్నెల బాకీ ఉంది తమ్ముడూ, మీ రుద్రమదేవి భర్త చాళుక్య వీరభద్రుడి ఊరు అది. 2015 సినిమాలో రానా చేశాడే, ఆ పాత్ర. ఆడపిల్ల కత్తి పడితే పక్కన నిలబడ్డ వంశం ఏలిన ఊళ్ళో ఉండి, చెల్లెలికి మొద్దుకత్తి ఇచ్చి గెలిచానంటే ఎలా?

ఇక కొనుగోలు. చెల్లెమ్మా, డబ్బు నీది, ఎంపిక నీది. చేతిలో ఉన్నది కొంచెమే అయితే తీగ ప్యాడు, పేరున్న కంపెనీది తీసుకో. అదే డబ్బుకి వచ్చే తీగలేని ప్యాడు కన్నా అది మేలు, ఎందుకంటే రేడియోకీ బ్యాటరీకీ పెట్టాల్సిన ఖర్చు బటన్లలో పెడతారు. ఇంకాస్త పోగయ్యేదాకా ఆగగలిగితే రెండు విధాలా పనిచేసేది తీసుకో. ఇక్కడ ఒక కిటుకుంది, షాపువాళ్ళు చెప్పరు. తీగ గుచ్చినంత మాత్రాన ప్రతి ప్యాడూ తీగలోంచి కబురు పంపదు! పాత ఎక్స్‌బాక్స్ 360 చార్జింగు తీగ చార్జింగుకే, మాటలన్నీ గాలిలోనే. మొదటి రకం పీఎస్4 ప్యాడు కూడా పీఎస్4తో అంతే. 2016లో వచ్చిన రెండో రకం నుంచి తీగలోంచి మాట్లాడే ఏర్పాటు పెట్టారు. సెట్టింగుల్లో కంట్రోలర్ల దగ్గరికి వెళ్ళి, యూఎస్‌బీ కేబుల్ వాడమని ఎంచుకోవాలి. రెండో రకాన్ని గుర్తుపట్టడం తేలిక, మధ్యలో ఉండే టచ్ పలక పైభాగంలో సన్నగా దీపం గీత వెలుగుతుంది. సెకండ్ హ్యాండులో కొంటే ఆ గీత చూసి, పుల్ల రెండూ వదిలేసి తెరమీద మనిషి తనంతట తాను నడుస్తున్నాడేమో చూడు. నడిస్తే లోపల పుల్ల అరిగిందన్నమాట, దానికి తీగతో గాని గాలితో గాని సంబంధం లేదు, దణ్ణం పెట్టి వచ్చెయ్యి.

గిన్నెల పందెం ఉన్న రాత్రి తీగ గుచ్చి ఆడండి, ఆదివారం చుట్టాలొస్తే తీగ పీకి ఆడండి. కొత్తది వచ్చేదాకా ఆ పేరులేని ప్యాడు అన్నయ్య చేతికే. మ్యాచ్ మధ్యలో బ్యాటరీ పోతే ఆట మొదటికి.

తీగ కొనేటప్పుడు చార్జింగుదా, డేటా కూడా పోయేదా అని అడిగి కొనండి, చవక తీగల్లో సగానికి చార్జింగు తప్ప ఇంకో విద్య రాదు. అమ్మ కాళ్ళకి తగలకుండా గోడవారగా మేకులు కొట్టి మంచం దాకా తీసుకురండి. పొడవు కొలవడానికి టేపు లేకపోతే అమ్మ చీర ఒకటి అడగండి. చీర అయిదున్నర మీటర్లుంటుంది, యూఎస్‌బీ తీగకి హద్దు 5 మీటర్లు. సగానికి మడిచి కొలిస్తే సరిపోతుంది.